ఉద్యోగం మానేయాలన్న ఆలోచన ఎక్కడ మొదలవుతుంది? బెంగళూరు తెలుగు ఉద్యోగుల చర్చ

జయనగర్ బ్యాంకరు

సభ్యులందరికీ నమస్కారం. నేను ఒక ప్రభుత్వరంగ బ్యాంకులో స్కేల్ టూ అధికారిని, అంటే మేనేజరు హోదా. మాది ప్రకాశం జిల్లా, ప్రస్తుతం ఉద్యోగం బెంగళూరులో. నాతోపాటు ప్రొబేషనరీ అధికారులుగా చేరినవారిలో కొందరు ఇప్పటికే రాజీనామా చేసి వెళ్ళిపోయారు. మిగిలినవారిలో ఏదో ఒక పూట ‘ఇక మానేద్దాం’ అనని మనిషి లేడు. మా పై అంతస్తులో ఉండే దంపతులిద్దరూ సాఫ్ట్‌వేరు ఉద్యోగులు, వాళ్ళింట్లోనూ రోజూ ఇదే మాట. రెండు రంగాల వాళ్ళూ ఒకే మాట అంటున్నప్పుడు కారణాలు కూడా ఒకటేనా అన్నది తెలుసుకుందామని ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

జీతమే కారణమంటే నేను ఒప్పుకోలేను. బ్యాంకు యాజమాన్యాలకూ ఉద్యోగ సంఘాలకూ మధ్య 2024 మార్చిలో కుదిరిన పన్నెండో ద్వైపాక్షిక వేతన ఒప్పందం ప్రకారం మాకు 17 శాతం పెంపు వచ్చింది, అదీ 2022 నవంబరు నుంచి బకాయిలతో సహా. బకాయిలు ఖాతాలో పడిన నెలలో కూడా మా శాఖలో మానేసే మాటలు తగ్గలేదు. మమ్మల్ని తినేస్తున్నవి రెండు. మొదటిది బదిలీ. మార్చి లెక్కలు ముగిశాక బదిలీల జాబితా పీడీఎఫ్‌గా వస్తుంది. ఆ సాయంత్రం కౌంటర్లు మూసినా ఎవరూ ఇంటికి కదలరు, ఫోను తెర మీద తమ స్టాఫ్ నంబరు ఎక్కడుందోనని వెతుక్కుంటూ కూర్చుంటారు. అప్పటికే పిల్లల స్కూలు ఫీజు కట్టేసి ఉంటుంది, ఇంటి యజమాని దగ్గర అడ్వాన్సు ఇరుక్కుని ఉంటుంది. రెండోది అమ్మకాలు. పింఛను డబ్బు తీసుకోవడానికి వచ్చిన పెద్దాయన చేత బీమా పాలసీ కొనిపించాలి. కొనిపించలేకపోతే రాత్రి వీడియో కాల్‌లో పట్టికలో ఎర్ర రంగులో ఉన్న శాఖలవాళ్ళు ఒక్కొక్కరే సంజాయిషీ చెప్పుకోవాలి. బ్యాంకు పరీక్షకు చదివిన రోజుల్లో ఇది బ్యాంకింగ్ అని మాకెవరూ చెప్పలేదు.

ఎలక్ట్రానిక్ సిటీ వాసి

బ్యాంకరు గారూ, మీరు జీతాన్ని అంత తేలిగ్గా పక్కన పెట్టేయగలిగారంటే మీకు ద్వైపాక్షిక ఒప్పందం అనేదొకటి ఉంది కాబట్టే. మా రంగంలో ఒకే జట్టులో, ఒకే పని చేస్తూ, నిన్న బయటినుంచి వచ్చినవాడికి నాకంటే ఎక్కువ జీతం ఉంటుంది. నేను అదే సంస్థను నమ్ముకుని ఉన్నందుకు ఏటా వచ్చే హైక్ ఒక్క అంకె శాతం దాటదు, బయటికి వెళ్ళి తిరిగి అదే గేటు గుండా వస్తే మాత్రం నా విలువ పెరుగుతుంది. సాఫ్ట్‌వేరు సేవల కంపెనీల్లో కొత్తగా చేరే ఇంజినీరుకు ఇచ్చే జీతం దశాబ్దం పైగా ఏడాదికి మూడున్నర లక్షల చుట్టూనే తిరుగుతోందంటే, ఈ ఊళ్ళో అద్దెలు తెలిసినవాళ్ళెవరికీ నేను విడమరిచి చెప్పక్కర్లేదు.

అవకాశం ఉన్నప్పుడు ఏం జరిగిందో అంకెలే చెబుతాయి. 2022 మార్చితో ముగిసిన ఏడాదికి ఇన్ఫోసిస్ ప్రకటించిన స్వచ్ఛంద వలస రేటు, అంటే తమంతట తాము మానేసినవారి శాతం, 27.7. రెండేళ్ళ తర్వాత, 2024 మార్చికి, అది 12.6కు పడిపోయింది. మేనేజర్లందరూ ఆ రెండేళ్ళలో దేవుళ్ళుగా మారారనుకోను. బయట పిలిచేవాళ్ళు తగ్గారు, అంతే.

హెచ్ఆర్ మిత్ర

పై ఇద్దరూ చెప్పినదాంట్లో నిజం ఉంది గాని, అవి ఒకే ప్రశ్నకు రెండు సమాధానాలు కావని నాకు అనిపిస్తోంది. నేను వైట్‌ఫీల్డ్ వైపు ఒక ప్రైవేటు సంస్థలో మానవ వనరుల విభాగంలో పనిచేస్తున్నాను. రాజీనామా చేసినవారితో చివరి మాటలు మాట్లాడడం నా పనిలో భాగం.

ముందుగా ఒక విషయం చెప్పాలి. ఎగ్జిట్ ఫారంలో రాసే కారణాలను నమ్మి ఎవరూ సిద్ధాంతాలు కట్టవద్దు. ‘మెరుగైన అవకాశం’, ‘ఉన్నత చదువులు’, ‘కుటుంబ కారణాలు’ అనే మూడు మాటలతోనే దాదాపు అన్ని ఫారాలూ నిండుతాయి. వెళ్ళే మనిషికి రిలీవింగ్ లెటర్ కావాలి, రేపు బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌కు ఫోను వస్తే ఇక్కడినుంచి మంచి మాట రావాలి, అలాంటప్పుడు తన మేనేజరు గురించి కాగితం మీద నిజం ఎందుకు రాస్తాడు? కొన్ని నెలలు పోయాక ఏదో పీఎఫ్ సందేహానికి ఫోను చేసినప్పుడు అసలు సంగతి బయటికి వస్తుంది. చేసిన పనికి పేరు వేరొకరికి పోయిందనో, అడిగిన సెలవును నలుగురి ముందు ఎగతాళి చేశారనో, అర్ధరాత్రి అమెరికా కాల్ ఉన్న రోజు కూడా ఉదయం తొమ్మిదికి హాజరు పడాలన్నారనో చెబుతారు. జీతం కోసం వెళ్ళేవారు మేము కౌంటర్ ఆఫర్ ఇస్తే, అంటే ఉండిపోతే జీతం పెంచుతామంటే, కాసేపైనా బేరమాడతారు. ఈ రెండో రకం వారు మేమిచ్చే అంకె ఎంతో కూడా వినరు.

బెల్ కర్వ్ గురించి కూడా చెప్పాలి. జట్టులో ఎనిమిది మందీ బాగా పనిచేసిన ఏడాది కూడా ఒకరిద్దరిని కింది రేటింగ్‌లో వేయక తప్పని పద్ధతి చాలా చోట్ల ఇంకా ఉంది. ‘నీ పని బాగానే ఉంది, కానీ ఈసారికి సర్దుకో’ అని మేనేజరు చెప్పే ఆ పదిహేను నిమిషాల సమావేశంలోనే చాలామంది మనసులో రాజీనామా రాసేసుకుంటారు, మెయిల్ మాత్రం పనితీరును బట్టి ఇచ్చే వేరియబుల్ పే ఖాతాలో పడిన మర్నాడు వస్తుంది. బ్యాంకరు గారికి బదిలీల జాబితా ఎలాంటిదో మాకు అప్రైజల్, అంటే పనితీరుకు రేటింగ్ ఇచ్చే ఈ సమీక్ష, అలాంటిది.

జేమ్స్ మార్చ్, హెర్బర్ట్ సైమన్ అనే ఇద్దరు పండితులు 1958లోనే ఈ విషయాన్ని రెండుగా విడదీశారు. వెళ్ళాలన్న కోరిక ఒకటి, వెళ్ళగలిగే సౌలభ్యం మరొకటి, ఈ రెండూ కలిసినప్పుడే మనిషి కదులుతాడు. ఎలక్ట్రానిక్ సిటీ గారు చెప్పిన 27.7 శాతం సౌలభ్యానికి కొలత. బ్యాంకరు గారి శాఖలో రోజూ వినిపించే మాట కోరికకు కొలత. ప్రభుత్వ రంగంలో కోరిక తక్కువేమీ కాదనీ, సౌలభ్యమే లేదనీ నా అనుమానం. ఆ నియమాలు తెలిసినవారెవరైనా చెబితే బాగుంటుంది.

మల్లేశ్వరం విశ్రాంత అధికారి

హెచ్ఆర్ అమ్మాయి సరిగ్గా పట్టుకుంది. నేను కేంద్ర ప్రభుత్వ లెక్కల విభాగంలో ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసి విరమించాను, సేవా పుస్తకాలు, పింఛను కాగితాలు చూడడమే నా వృత్తిగా గడిచింది, కాబట్టి నియమాల సంగతి కాస్త వివరంగా రాస్తాను, ఓపికగా చదవండి.

2004 జనవరి 1కి ముందు చేరిన కేంద్ర ఉద్యోగి రాజీనామా చేస్తే, పింఛను నియమాల ప్రకారం అతని గత సేవ మొత్తం రద్దయిపోతుంది. పందొమ్మిదేళ్ళు పనిచేసినా సరే, ‘రాజీనామా’ అని రాసిస్తే పింఛను లేదు. అదే ఇరవై ఏళ్ళు నిండాక మూడు నెలల నోటీసుతో స్వచ్ఛంద విరమణ కోరితే పింఛను వస్తుంది. అందుకే మా తరంలో పదిహేనో ఏట విసిగిపోయినవాడు ఇరవయ్యో ఏడు దాకా పళ్ళు బిగించి ఉండేవాడు. ఆ ఐదేళ్ళు ఆఫీసుకు అతని వల్ల ఎంత ప్రయోజనమో మీరే ఊహించుకోండి. ఉద్యోగి కుర్చీలో ఉన్నాడు కాబట్టి సంతృప్తిగా ఉన్నాడని పై అధికారులు నివేదికలు రాసుకునేవారు.

ఆ తేదీ నుంచి చేరిన వారిది వేరే కథ. జాతీయ పింఛను వ్యవస్థలో ప్రతి ఉద్యోగికీ ఒక శాశ్వత ఖాతా సంఖ్య ఉంటుంది, ప్రైవేటు ఉద్యోగానికి వెళ్ళినా అదే ఖాతా కొనసాగుతుంది. మా కాళ్ళకున్న బంధం వాళ్ళకు లేదు. యువ ఉద్యోగులు మానేసే మాట ఇంత ధైర్యంగా ఎత్తగలగడానికి ఇది ముఖ్య కారణమని నా అభిప్రాయం, దీన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. ఇప్పుడు 2025 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఏకీకృత పింఛను పథకం మళ్ళీ ఆ బంధాన్ని కొంత బిగించింది. ఇరవై ఐదేళ్ళ సేవ ఉంటే చివరి 12 నెలల సగటు మూల వేతనంలో 50 శాతం హామీ ఇస్తుంది, రాజీనామా చేసినవారికి మాత్రం ఆ హామీ వర్తించదు. ఇరవై ఐదేళ్ళు నిండి స్వచ్ఛంద విరమణ తీసుకున్నా, చెల్లింపు వారు మామూలుగా విరమించవలసిన తేదీ నుంచే మొదలవుతుంది.

ఇంకొక దారి ఉంది, చాలామంది కుర్రవాళ్ళకు తెలియదు. ఒక ప్రభుత్వ ఉద్యోగం నుంచి మరొక ప్రభుత్వ ఉద్యోగానికి సరైన మార్గంలో, అంటే తమ కార్యాలయం ద్వారా దరఖాస్తు పంపి, ఎంపికై వెళితే దాన్ని సాంకేతిక రాజీనామాగా పరిగణిస్తారు. గత సేవ పోదు. ఎన్ఓసీ, అంటే అభ్యంతరం లేదన్న పత్రం, అడిగితే పై అధికారి మొహం మాడ్చుకుంటాడని రహస్యంగా పరీక్ష రాసి, ఎంపికయ్యాక పరుగెత్తుకొచ్చి రాజీనామా ఇచ్చి, చేసిన సేవంతా పోగొట్టుకున్న వారి ఫైళ్ళు నా చేతుల మీదుగా ఎన్నో వెళ్ళాయి. ఆ పై అధికారి అప్పటికే బదిలీ అయిపోయి ఉండేవాడు, అది వేరే సంగతి.

జయనగర్ బ్యాంకరు

అయ్యా, చాలా విలువైన సమాచారం. చదివేవారికి ఒక్క వివరణ: ఏకీకృత పథకం కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు మాత్రమే. బ్యాంకుల్లో 2010 ఏప్రిల్ 1 నుంచి చేరిన మాలాంటి వారికి జాతీయ పింఛను వ్యవస్థే. కాబట్టి మీరన్న బంధం మాకు పింఛను రూపంలో పెద్దగా లేదు. మమ్మల్ని ఆపేది మరొకటి. మూడు నాలుగేళ్ళు కోచింగ్ సెంటర్లలో కూర్చుని సంపాదించిన ఉద్యోగం ఇది. మానేస్తానంటే మా అమ్మ ముందు అడిగే మాట ‘ఊళ్ళో ఏం చెప్పుకోవాలిరా’ అని. దానికి ఏ నియమావళిలోనూ జవాబు లేదు.

పీణ్య ఇంజినీరు

సౌలభ్యం గురించి నాదొక మాట. నేను ఒక ప్రభుత్వ పరిశోధన సంస్థలో ఉన్నాను. మా దగ్గర పని నచ్చక వెళ్ళేవారు అరుదు, పని ముందుకు కదలక వెళ్ళేవారే ఎక్కువ. ఒక చిన్న పరికరం కొనడానికి మూడు కొటేషన్లు, కమిటీ, ఆడిట్ అభ్యంతరం, మళ్ళీ కమిటీ అంటూ తిరిగి వచ్చేసరికి ఆ పరికరంతో చేయాలనుకున్న ప్రయోగం మీద ఉత్సాహం చచ్చిపోతుంది. ఈ విసుగు ఇప్పటిది కాదు, ముప్పై ఏళ్ళ క్రితం మా సీనియర్లకూ ఉండేది. కానీ రాకెట్టు తయారుచేయడం నేర్చుకున్నవాడు అప్పట్లో మానేసి ఎక్కడికి వెళ్ళగలడు?

2020లో అంతరిక్ష రంగం తలుపులు ప్రైవేటుకు తెరిచి, ప్రైవేటు సంస్థలకు అనుమతులిచ్చే ఇన్‌స్పేస్‌ను ఏర్పాటు చేశాక పరిస్థితి మారింది. హైదరాబాదులోని స్కైరూట్‌ను 2018లో స్థాపించినవారు ఇస్రోలో పనిచేసి వచ్చిన ఇంజినీర్లే, వాళ్ళ విక్రమ్-ఎస్ రాకెట్టు 2022 నవంబరు 18న ఎగిరింది. ఆ రోజు మా క్యాంటీన్‌లో టీవీ ముందు నిలబడినవాళ్ళలో సగం మంది ముఖాల్లో సంతోషంతోపాటు ఇంకొక లెక్క కూడా కనిపించింది. విసుగు పెరిగిందని చెప్పలేను. వెళ్ళడానికి చోటు దొరికింది.

సర్జాపుర రోడ్డు వాసి

ఇంతవరకు రాసినవారిలో ఎక్కువమంది మగవారేనని ఊహిస్తున్నాను, ఎందుకంటే ఒక పెద్ద కారణం ఎవరి నోటా రాలేదు. నేను పదేళ్ళ అనుభవంతో ప్రైవేటు ఉద్యోగం మానేశాను. ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో వచ్చిన సవరణ ప్రకారం నాకు 26 వారాల ప్రసూతి సెలవు వచ్చింది, సంస్థ కూడా ఇబ్బంది పెట్టకుండా ఇచ్చింది. తిరిగి వెళ్ళేసరికి నా ప్రాజెక్టు మరొకరి చేతుల్లో ఉంది. నన్ను ఎవరూ పొమ్మనలేదు. ఉదయం స్టాండప్‌లో, అంటే జట్టు రోజువారీ సమావేశంలో, అందరూ తమ పని చెప్పాక నా వంతు వస్తే చెప్పడానికి ఏమీ ఉండేది కాదు. యాభై మంది, అంతకు మించి ఉన్న సంస్థలో శిశు సంరక్షణ కేంద్రం ఉండాలని అదే చట్టం చెప్పింది. మా సంస్థవారు చూపించిన కేంద్రం ఔటర్ రింగ్ రోడ్డుకు అవతలి వైపు ఉండేది. ఆ రోడ్డు దాటి, పాపను దింపి, మళ్ళీ ఇవతలికి రావడమంటే ఏమిటో మారతహళ్ళి వంతెన దగ్గర సాయంత్రం ఆరుకు ఒక్కసారి నిలబడి చూస్తే తెలుస్తుంది.

మా చెల్లెలు కేంద్ర ప్రభుత్వంలో పనిచేస్తుంది. ఆమెకు పిల్లలకు పద్దెనిమిదేళ్ళు వచ్చేలోగా మొత్తం 730 రోజుల శిశు సంరక్షణ సెలవు వాడుకునే వీలుంది, మొదటి 365 రోజులు పూర్తి జీతం, తర్వాతి 365 రోజులు 80 శాతం. అది కూడా అడగ్గానే ఇవ్వరట, ‘పరీక్షల సమయానికి అడుగమ్మా’ అంటారట. అయినా ఆమె ఉద్యోగంలో ఉంది, నేను లేను. ఇద్దరం ఒకే కాలేజీలో చదివాం.

హెచ్ఆర్ మిత్ర

సర్జాపుర గారూ, మీ ఫారంలో ఏం రాశారో అడగవచ్చా?

సర్జాపుర రోడ్డు వాసి

కుటుంబ కారణాలు.

ఒక కాంట్రాక్టు నర్సు

నేను ప్రభుత్వ ఆసుపత్రిలో కాంట్రాక్టు మీద పనిచేస్తున్నాను. మీ అందరికీ మానేయాలా వద్దా అన్నది ప్రశ్న. మాకు ఏటా మార్చి వస్తుంటే కాంట్రాక్టు పొడిగిస్తారా లేదా అన్నది ప్రశ్న. పర్మనెంటు సిస్టరు పక్కనే, అదే వార్డులో, అదే రాత్రి డ్యూటీ చేస్తాం. నాతో చేరినవారిలో చాలామంది గల్ఫ్‌కో, జర్మనీకో వెళ్ళడానికి భాషా తరగతుల్లో చేరారు. వాళ్ళకు ఈ దేశం మీద, ఈ పని మీద కోపమేమీ లేదు. ప్రభుత్వ రంగమంటే భద్రత అనుకునే చాలామంది రాశారు కాబట్టి ఆ రంగంలో మేమూ ఉన్నామని గుర్తుచేయడానికే రాస్తున్నాను.

ఎలక్ట్రానిక్ సిటీ వాసి

నర్సు గారి మాట చదివాక నేను ఇంతకుముందు రాసినదానికి కొంత కలపాలి. మా రంగంలోనూ మానేయాలనుకునేవారిలో రెండు జాతులున్నాయి. ఎక్కువ జీతానికి దూకేవారు ఒకరు, తీసేస్తారేమోనన్న భయంతో ముందే వెతుక్కునేవారు మరొకరు. ఏ ప్రాజెక్టూ లేక బెంచ్ మీద ఉన్నవాడికి రోజూ ఉదయం లాగిన్ అయ్యేటప్పుడు యాక్సెస్ ఉందో పోయిందో అన్న అనుమానమే. అలాంటివాడు పని నచ్చక వెళుతున్నాడని లెక్కల్లో రాస్తే అది తప్పుడు లెక్క. ఇంకొకటి, తొంభై రోజుల నోటీసు పీరియడ్. కొత్త సంస్థ ముప్పై రోజుల్లో రమ్మంటుంది, పాత సంస్థ బై అవుట్‌కు, అంటే మిగిలిన రోజులకు డబ్బు తీసుకుని వదిలేయడానికి, ఒప్పుకోదు. ఈ మూడు నెలల గోడ చూసే చాలామంది వచ్చిన ఆఫర్‌ను వదులుకుంటున్నారు. ఇన్నేళ్ళు పనిచేయాలి, మధ్యలో వెళితే డబ్బు కట్టాలి అని బాండ్ రాయించుకున్న సంస్థలు మరీ దారుణం. అసలు ఈ బాండ్లు చెల్లుతాయా?

వసంతనగర వకీలు

సంక్షిప్తంగా చెబుతాను. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోని 27వ సెక్షన్ ప్రకారం ఎవరినైనా వృత్తి చేసుకోకుండా అడ్డుకునే ఒప్పందం చెల్లదు. అంటే ‘ఉద్యోగం మానేశాక రెండేళ్ళు పోటీ సంస్థలో చేరకూడదు’ అని రాయించుకున్నా అది సాధారణంగా నిలబడదు. ఉద్యోగ కాలంలో వర్తించే కనీస సేవా షరతు వేరు.

దీనిమీద 2025 మే నెలలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు మన ఊరి బ్యాంకుదే, బెంగళూరు ప్రధాన కేంద్రంగా ఉండి 2019లో బ్యాంక్ ఆఫ్ బరోడాలో విలీనమైన విజయా బ్యాంకుది. మూడేళ్ళు పనిచేయకుండా వెళితే 2 లక్షల రూపాయలు కట్టాలన్న షరతుకు ఒప్పుకుని చేరిన ఒక అధికారి గడువులోపే రాజీనామా చేసి, ఆ మొత్తం కట్టి, తర్వాత ఆ షరతును సవాలు చేశారు. హైకోర్టులో గెలిచినా సుప్రీంకోర్టు బ్యాంకు పక్షాన నిలిచింది. ప్రభుత్వరంగ సంస్థ ఎవరినో పిలిచి ఉద్యోగం ఇవ్వడం కుదరదు, బహిరంగ ప్రకటన, పోటీ ఎంపిక తప్పనిసరి కాబట్టి మధ్యలో వెళ్ళిపోతే కలిగే ఖర్చు నిజమైనదేనని చెప్పింది. దీన్నిబట్టి ప్రతి ప్రైవేటు సంస్థా రాయించుకునే ప్రతి బాండూ చెల్లుతుందని ఎవరూ అనుకోవద్దు. మొత్తం సమంజసంగా ఉందా, శిక్షణకు నిజంగా ఖర్చు పెట్టారా అన్నవి చూస్తారు. ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసి దాచిపెట్టుకునే సంస్థలో మాత్రం చేరకముందే ఆలోచించుకోండి.

జయనగర్ బ్యాంకరు

అందరూ రాసినది చదివాక నా సంగతి నాకు కొంత స్పష్టమైంది. నన్ను ఉద్యోగం మానేయమంటున్నది బ్యాంకు కాదు, పని కూడా కాదు. రైతుకు పంట రుణం రాసిన రోజు నేను ఇప్పటికీ సంతోషంగానే ఇంటికి వెళతాను. తల్లిదండ్రులకు ఒంట్లో బాగులేనప్పుడు ఇంత దూరంలో ఉండవలసి రావడం నన్ను తినేస్తోంది. అందుకని రాజీనామా ఆలోచన ప్రస్తుతానికి పక్కన పెట్టి, వైద్య కారణాల మీద ఆంధ్రప్రదేశ్ జోన్‌కు బదిలీ కోరుతూ దరఖాస్తు పెట్టాను. పదోన్నతి ఇంటర్వ్యూకు ఈ ఏడు వెళ్ళడం లేదు, ఎందుకంటే స్కేల్ త్రీ వస్తే మళ్ళీ దేశంలో ఏ మూలకైనా వేయవచ్చు. పదోన్నతి వద్దనుకునే అధికారులు మా బ్యాంకులో ఎంతమంది ఉన్నారో లెక్క తీస్తే యాజమాన్యానికి చాలా విషయాలు తెలుస్తాయి. ఆ లెక్క ఎవరూ తీయరు, ఎందుకంటే వాళ్ళు ఉద్యోగం మానేయలేదు కదా.

హెచ్ఆర్ మిత్ర

మా వైపు కూడా అంతే. వెళ్ళినవారి శాతం ప్రతి మూడు నెలలకూ బోర్డుకు వెళుతుంది. ఉండి, పదోన్నతి అడగడం మానేసి, సమావేశాల్లో నోరు విప్పడం మానేసినవారికి ఏ నివేదికలోనూ గడి లేదు.

ఎలక్ట్రానిక్ సిటీ వాసి

పెద్దాయన గారికి ఒక ప్రశ్న. నేను వచ్చే నెల మారుతున్నాను. ఇక్కడ నాలుగేళ్ళు పూర్తయ్యాయి. పాత పీఎఫ్ తీసేసుకుని కారు అప్పు కొంత తీర్చుకుందామనుకుంటున్నాను. ఏమంటారు?

మల్లేశ్వరం విశ్రాంత అధికారి

తీయవద్దు నాయనా. ఐదేళ్ళ నిరంతర సేవ నిండకముందు తీస్తే పన్ను పడుతుంది. కొత్త సంస్థకు బదిలీ చేయించుకుంటే రెండు చోట్ల సేవా కలుస్తుంది, మరో ఏడాదికి ఆ ఐదేళ్ళు నిండుతాయి. పీఎఫ్‌లోని పింఛను భాగానికి కూడా పదేళ్ళ సేవ నిండితేనే 58 ఏళ్ళకు నెలవారీ పింఛనుకు అర్హత, మధ్యలో తీసుకుంటే ఆ లెక్క మళ్ళీ మొదటికొస్తుంది. గ్రాట్యుటీకి మాత్రం సాధారణంగా ఒకే యజమాని దగ్గర ఐదేళ్ళు కావాలి కాబట్టి ఈ నాలుగేళ్ళది నీకు రాదు, అది లెక్కలో వేసుకునే కొత్త జీతం మాట్లాడుకో. చివరి రోజు తర్వాత పాత సంస్థ పీఎఫ్ పోర్టల్‌లో నీ నిష్క్రమణ తేదీ నమోదు చేసిందో లేదో చూసుకో. చేయకపోతే చివరి జమ తర్వాత రెండు నెలలు ఆగి నువ్వే నమోదు చేసుకోవచ్చు, ఆ తేదీ లేకుండా బదిలీ దరఖాస్తు ముందుకు కదలదు.